పాత బాంబర్ విమానానికి పాలిష్ పెట్టడం: వాలంటీర్‌గా వెళ్ళేవాళ్ళ కోసం

విమానాల మ్యూజియానికి వెళ్ళి "నేనూ ఏదైనా పని చేస్తాను" అని అడిగితే, కొత్తవాళ్ళ చేతికి ఎక్కువగా వచ్చేది గుడ్డముక్కే. పాలిష్ పని. చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది, ఎవరైనా చేసేయొచ్చు అనిపిస్తుంది, కానీ విమానానికి తిరిగి సరిచేయలేని నష్టం చేయడానికి కూడా ఇదే సులువైన దారి. డాలస్‌లోనో సియాటెల్‌లోనో విచిటాలోనో ఉంటూ వారాంతాల్లో ఇలాంటి పనికి వెళ్దామనుకుంటున్న మన వాళ్ళు వెళ్ళే ముందు ఒకసారి ఇది చదువుకుంటే మంచిది.

ఉదాహరణకి బీ-29 సూపర్‌ఫోర్ట్రెస్‌ని తీసుకుందాం. రెండో ప్రపంచ యుద్ధం నాటి నాలుగు ఇంజన్ల బాంబర్, రెక్కల కొస నుంచి కొసకి 43 మీటర్లు, తోక ఎత్తు 8 మీటర్ల పైమాటే. 3,970 తయారు చేస్తే ఇవాళ ఎగిరేవి రెండే: డాలస్ ఎగ్జిక్యూటివ్ ఎయిర్‌పోర్ట్‌లో ఉండే ఫీఫీ, కాన్సాస్ రాష్ట్రం విచిటాలో ఉండే డాక్. డాక్‌ని తయారు చేసింది కూడా విచిటాలోనే. ఆ తర్వాత మొహావీ ఎడారిలో నౌకాదళం వాళ్ళు ఆయుధాలు పరీక్షించే చోట దశాబ్దాల పాటు ఎండకి ఎండి పడి ఉంటే, 1987లో దాన్ని గుర్తించారు, 2000లో విచిటాకి చేర్చారు, బోయింగ్‌లో పనిచేసి రిటైరైన వాళ్ళతో సహా వందల మంది వాలంటీర్లు కూర్చుని బాగు చేస్తే 2016 జూలై 17న మళ్ళీ ఎగిరింది. ఎగరనివి ఇంకా కొన్ని మ్యూజియాల్లో ఉన్నాయి, సియాటెల్‌లో ఒకటి, అరిజోనాలో టూసాన్ దగ్గర పీమాలో ఒకటి, ఇంగ్లండ్‌లో డక్స్‌ఫర్డ్‌లో ఒకటి.

ఇక్కడ చెప్పేది రంగు లేని, అల్యూమినియం రేకు బయటికి కనిపించే విమానాల గురించి మాత్రమే. 1944 నుంచి అమెరికా సైన్యం కొత్త బాంబర్లకి పైన రంగు వేయడం చాలావరకు మానేసింది, బరువు తగ్గింది, ఫ్యాక్టరీలో టైమూ కలిసొచ్చింది. అందుకే బీ-29 అనగానే మనకి వెండి రంగే గుర్తొస్తుంది.

అసలు మెరిపించాలా?

ఈ ప్రశ్న మీరు తేల్చేది కాదు, కానీ అడగాల్సింది మాత్రం మీరే. యుద్ధంలో పనిచేసిన బీ-29లు అద్దంలా మెరవలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు రేకుకి ఉండే మెరుపుతో బయటికొచ్చి, పసిఫిక్ దీవుల ఉప్పు గాలికీ ఇంజన్ ఆయిల్‌కీ కొన్ని వారాల్లోనే మసకబారేవి. ఇవాళ ఎయిర్ షోలో ముఖం చూసుకునేలా తళతళలాడే బాంబర్ మన కాలపు అభిరుచి. అది తప్పని నేననను, ఎగిరే విమానం నాలుగు డబ్బులు సంపాదించుకోవాలి, మెరిసేదాన్నే జనం చూడ్డానికి వస్తారు, పైగా శుభ్రంగా ఉన్న రేకు మీద తుప్పు మొదలైతే వెంటనే కంటపడుతుంది. కానీ మ్యూజియంలో ఎప్పటికీ ఎగరకుండా ఉండే విమానం, అందులోనూ దాని అసలు రేకులు ఇంకా అలాగే ఉన్నదైతే, నా ఓటు మాత్రం కడిగి తుడిచి వదిలేయడానికే.

ఎందుకంటే ఆ రేకు మీద చదవాల్సినవి ఉంటాయి. ఎప్పుడో రంగుతో వేసిన అంకెని తర్వాత చెరిపేసినా, ఆ రంగు కింద ఉన్న లోహం చుట్టుపక్కల లోహం కన్నా తక్కువ పాతబడి ఉంటుంది కాబట్టి, వెలుతురు పక్క నుంచి పడితే ఆ అంకె ఆకారం లీలగా కనిపిస్తుంది. ఏ స్క్వాడ్రన్‌లో పనిచేసిందో, ఏ పేరు పెట్టుకుందో తేల్చడానికి ఒక్కోసారి ఆ లీలే ఆధారం. ఒక్క పూట పాలిష్‌తో అది మాయమవుతుంది. కాబట్టి మెషీన్ ఆన్ చేసే ముందు ప్రతి ప్యానెల్‌నీ ఎదురుగా ఒకటి, టార్చ్‌లైట్ పక్క నుంచి ఏటవాలుగా కొట్టి ఒకటి, ఫొటోలు తీయండి. ఏదైనా అక్షరం, చార, తేడా కనిపిస్తే ఆగి క్యూరేటర్‌కి చూపించండి. వాళ్ళు "పర్లేదు కానీయండి" అన్నాకే ముందుకెళ్ళండి.

మీరు రుద్దేది ఏమిటో తెలుసుకోండి

విమానం రేకు ఒకే లోహం కాదు. మధ్యలో ఉండేది రాగి కలిసిన గట్టి అల్యూమినియం మిశ్రమం, ఇప్పుడు 2024 అంటారు, అప్పట్లో 24ఎస్‌టీ. బలం దానిదే, కానీ తుప్పుకి తొందరగా లొంగిపోతుంది. అందుకని దానికి రెండు వైపులా దాదాపు స్వచ్ఛమైన అల్యూమినియం పలుచటి పొర అతికించి రోల్ చేస్తారు. దీన్నే ఆల్‌క్లాడ్ అంటారు, 1920ల చివర్లో ఆల్కోవా కంపెనీ తెచ్చింది. పలుచటి రేకుల్లో ఆ పొర ఒక్కో వైపు మొత్తం మందంలో 5 శాతం. అంటే 0.8 మిల్లీమీటర్ల రేకు మీద 0.04 మిల్లీమీటర్లు, తల వెంట్రుక కన్నా సన్నం. మీరు మెరిపించేది ఆ పొరనే, అరగదీసేదీ దాన్నే. పాలిష్ చేసిన ప్రతిసారీ అది కొంచెం పోతుంది, మళ్ళీ రాదు. దాన్ని దాటి కిందికి వెళ్ళారంటే ఆ చోట రంగు కాస్త తేడాగా, బూడిదగా కనిపిస్తుంది, ఎంత రుద్దినా చుట్టుపక్కలకి వచ్చినంత మెరుపు రాదు, తుప్పు మాత్రం అక్కడే ముందు మొదలవుతుంది.

అన్ని ప్యానెళ్ళకీ ఈ పొర ఉంటుందన్న గ్యారంటీ కూడా లేదు. తర్వాతి కాలంలో మార్చిన రేకులు, పోత పోసిన భాగాలు, ఎగ్జాస్ట్ దగ్గర స్టెయిన్‌లెస్ స్టీలు, ఎక్కడైనా మెగ్నీషియం ముక్కలు, ఒక్కోటి ఒక్కోలా స్పందిస్తాయి. పొర ఉందో లేదో తేల్చడానికి మెకానిక్‌లు కాస్టిక్ సోడా ద్రావణం ఒక్క చుక్క వేసి చూస్తారు, పొర లేకపోతే లోపలి రాగి వల్ల ఆ చోటు నల్లబడుతుంది. అది వాళ్ళు చేయాల్సిన పని, మీరు ఇంటి నుంచి సీసా తీసుకెళ్ళి ప్రయోగాలు చేయకండి. తోక మీద రడ్డర్, ఎలివేటర్, రెక్కల వెనక అంచున ఐలరాన్ లాంటి కదిలే భాగాలు బీ-29లో గుడ్డతో కప్పినవి, పైన వెండి రంగు పూత ఉంటుంది. దూరం నుంచి లోహంలాగే కనిపిస్తాయి. మెషీన్ తగిలిందంటే చిరుగుతుంది. వెళ్ళిన మొదటి రోజే అవి ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించమని అడగండి.

వేసుకునేవి, తీసేసేవి

ఉంగరాలు, వాచీ, కడియం, బెల్టు బకిల్, మెడలో గొలుసు, చొక్కా జేబులో ఫోను, అన్నీ తీసి లాకర్‌లో పెట్టేయండి. మీరు వంగినప్పుడు రేకు మీద గీత పెట్టేవి ఇవే. మెత్తటి సోల్ ఉన్న బూట్లు వేసుకోండి, సోల్‌లో ఇరుక్కున్న రాయి తీసేయండి. నైట్రైల్ గ్లోవ్స్, కళ్ళద్దాలు, చెవులకి ప్లగ్గులు, ఇవి లేకుండా మొదలుపెట్టనివ్వరు, పెట్టనివ్వకూడదు కూడా. రంగు గీకే పని ఉంటే మాత్రం మామూలు గుడ్డ మాస్కు చాలదు, పాత విమానాల ప్రైమర్‌లో క్రోమేట్ ఉంటుంది, ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో కనిపిస్తుంది, ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. సరైన రెస్పిరేటర్ ఇచ్చి, నేర్పి, తడిగా చేయిస్తే చేయండి, లేకపోతే ఆ పని వద్దని చెప్పేయండి.

ఎత్తు విషయంలో మొహమాటం వద్దు. రెక్క మీద "నో స్టెప్" అని రాసిన చోట అడుగు పెట్టకూడదు, పాలిష్ చేసిన రెక్క మీద సాక్స్‌తో నడిస్తే జారిపోతారు, కింద కాంక్రీటు. సిజర్ లిఫ్ట్‌లో ఉంటే హార్నెస్ తగిలించుకోవాల్సిందే. నిచ్చెన విమానానికి ఆనించకూడదు. మెషీన్ వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకోండి, లేదంటే మీరు ఇక్కడ మెరిపిస్తుంటే అది పక్క ప్యానెల్ మీద గీతలు పెడుతూ ఉంటుంది. ఇంకో మాట, ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పకండి, కదిలించకండి. ఆపేసిన పిస్టన్ ఇంజన్ కూడా మాగ్నెటో (ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే భాగం) సరిగ్గా ఎర్త్ కాకపోతే ఒక్క మంట కొట్టగలదు, ఆ ఒక్కటి చాలు మనిషి పోవడానికి.

కడగడం, కడుగుతూ చూడటం

నా లెక్కలో వాలంటీర్ వల్ల విమానానికి జరిగే అసలు మేలు ఇక్కడే. మెకానిక్ ఏదో ఒక భాగం కోసం వస్తాడు, దాన్ని చూసి వెళ్తాడు. మీరు మాత్రం ప్రతి అంగుళాన్నీ మొహానికి అడుగు దూరంలో పెట్టుకుని చూస్తారు.

ముందు గొట్టంతో నీళ్ళు మెల్లగా పట్టి దుమ్ము పోగొట్టాలి. ప్రెషర్ వాషర్ వద్దు, అతుకుల్లోంచి నీళ్ళు లోపలికి పోతాయి. తర్వాత విమానాలకి వాడే తటస్థ పీహెచ్ సబ్బు, మెత్తటి మాప్, కింది నుంచి పైకి రాసి పై నుంచి కిందికి కడగడం. కింది నుంచి ఎందుకంటే, పై నుంచి రాస్తే మురికి నీళ్ళు పొడి రేకు మీద చారలుగా కారి ఎండిపోతాయి. బీ-29లో ఒక్కో ఇంజన్‌కి 18 సిలిండర్లు, 2,200 హార్స్ పవర్, ఆయిల్ కారకపోతేనే ఆశ్చర్యం, కాబట్టి ఇంజన్ల వెనక, రెక్క కింద జిడ్డు దట్టంగా ఉంటుంది, దాన్ని మినరల్ స్పిరిట్స్ అనే ద్రావకంతో విడిగా తుడవాలి. జిడ్డు మీద పాలిష్ చేస్తే కాంపౌండ్ (రుద్దడానికి వాడే పాలిష్ ముద్ద) దొర్లుతుందే కానీ పనిచేయదు.

కానీ ఆ జిడ్డునీ మసినీ తుడిచే ముందు చూడండి. ఒక రివెట్ (రేకుల్ని బిగించే లోహపు మేకు) నుంచి మొదలై గాలి పోయే దిశలో, అంటే వెనక్కి, సన్నటి నల్ల చార సాగి ఉంటే ఆ రివెట్ వదులైందని అర్థం. అది రేకుకి రాసుకుని రాసుకుని రాలిన అల్యూమినియం పొడే ఆ నలుపు. మెకానిక్‌లు దాన్ని "స్మోకింగ్ రివెట్" అంటారు. మీరు మంచి ఉద్దేశంతో శుభ్రంగా తుడిచేశారంటే మెకానిక్‌కి అందాల్సిన సమాచారం పోయినట్టే. తుడవకుండా పక్కన మాస్కింగ్ టేపు ముక్క అంటించి, ఫొటో తీసి, ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పండి. అలాగే రివెట్ల వరుస దగ్గర రేకు కొద్దిగా ఉబ్బి ఉంటే లోపల పొరలు పొరలుగా తుప్పు తింటోందని అనుమానించాలి, తెల్లటి పొడి కనిపిస్తే అదీ తుప్పే, ఏదైనా రంధ్రం మూల నుంచి వెంట్రుక లాంటి గీత మొదలైతే పగులు కావచ్చు. గోరు ఆనించి చూస్తే గీతా మరకా తేడా చాలాసార్లు తెలుస్తుంది. ఇవేవీ పాలిష్‌తో పోగొట్టే ప్రయత్నం చేయకండి, మెరుపు కింద దాగిన పగులు ఎవరికీ కనపడదు.

టేపు, దాన్ని తీయడం

మెషీన్ తగలకూడనివన్నీ ముందు కప్పాలి. ముక్కు భాగంలో ఉన్న ప్లెక్సీగ్లాస్ మీద సాల్వెంట్ పడితే సన్నటి పగుళ్ళు వస్తాయి, దానికి మెత్తటి గుడ్డ, పైన ప్లాస్టిక్, చుట్టూ జిగురు మిగల్చని టేపు. పిటో గొట్టాలు, స్టాటిక్ పోర్టులు (ఈ రెండూ వేగం, ఎత్తు కొలవడానికి గాలి పీడనాన్ని అందుకునేవి), హింజ్‌లు, బేరింగ్‌లు, రబ్బరు సీళ్ళు, యాంటెన్నాలు, నక్షత్రం గుర్తు అంచులు, ఇవన్నీ కప్పాల్సినవే.

టేపు ఏ రంగుదన్నది చిన్న విషయం కాదు. 1996 అక్టోబర్ 2న లిమా నుంచి శాంటియాగో బయల్దేరిన ఏరోపెరూ 603 విమానం, బోయింగ్ 757, పసిఫిక్ సముద్రంలో కూలిపోయి 70 మంది చనిపోయారు. ముందు విమానాన్ని కడిగి పాలిష్ చేసినప్పుడు అడుగున స్టాటిక్ పోర్టుల మీద వేసిన టేపు తీయడం మర్చిపోయారు. ఆ పోర్టుల్లోంచి వచ్చే గాలి పీడనం ఆధారంగానే ఎత్తూ వేగమూ చూపించే మీటర్లు పనిచేస్తాయి. అర్ధరాత్రి, కింద చీకటి సముద్రం, మీటర్లు అన్నీ తప్పు చెబుతుంటే పైలట్లు ఏం చేయగలరు? ఆ టేపు వెండి రంగుది, వెండి రంగు రేకు మీద. బయల్దేరే ముందు చేసిన తనిఖీలో కూడా ఎవరికీ కనపడలేదు.

అందుకని ఎర్రదో నారింజదో టేపు వాడండి, కొస నుంచి ఒక పొడవాటి రిబ్బన్ వేలాడేలా కట్టండి, ఎక్కడెక్కడ వేశారో కాగితం మీద నంబర్లు వేసుకుని రాయండి. తీసేటప్పుడు ఒకరు తీయాలి, ఇంకొకరు కాగితం చూసి టిక్కు పెట్టాలి, తీసిన ముక్కలన్నీ ఒక డబ్బాలో వేసి లెక్క సరిపోయిందో లేదో చూడాలి. ఎగరని మ్యూజియం విమానానికి కూడా ఇలాగే చేయండి. చేతికి అలవాటు ఒక్కటే ఉండాలి.

రుద్దడం

ముందు ఎవరికీ కనపడని చోట, పొట్ట కిందో మరెక్కడో, చిన్న గడి మీద ప్రయత్నించండి. నియమం ఒక్కటే: అన్నిటికన్నా నున్నటి కాంపౌండ్‌తో మొదలుపెట్టి, అది చాలకపోతే ఒక మెట్టు గరుకుదానికి వెళ్ళాలి. కొత్తవాళ్ళు దీన్ని తిరగేస్తారు, గరుకుదైతే తొందరగా అవుతుందని. నిజమే, తొందరగా అవుతుంది, ఆల్‌క్లాడ్ కూడా తొందరగానే అయిపోతుంది. ఈ రంగంలో ఎక్కువగా కనిపించేది నువైట్ కంపెనీ నుషైన్ కాంపౌండ్లు, వాటిలో ఎఫ్9, ఎఫ్7 గరుకువి, సీ మధ్యది, ఎస్ చివరి మెరుపుకి. దశాబ్దాలు ఆరుబయట పడి ఉన్న రేకుకి ఎఫ్7 అవసరం కావచ్చు. ఏటా పాలిష్ అయ్యే విమానానికి ఎస్ ఒక్కటే సరిపోవచ్చు.

గరుకు దశకి ఒకే తల తిరిగే రోటరీ మెషీన్, ఊలు ప్యాడ్, నిమిషానికి 2,000 చుట్ల అటూ ఇటూ. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న గడి తీసుకోండి, అంతకు మించొద్దు. కాంపౌండ్ వేలి కొసతో అక్కడక్కడ చిన్న చుక్కలు పెట్టండి, పళ్ళెంలో పచ్చడి వేసినట్టు వేయకండి. మెషీన్ ఆపి ఉండగానే ప్యాడ్‌తో ఆ చుక్కల్ని కాస్త పరిచి, తర్వాత ఆన్ చేయండి, లేకపోతే సగం మీ మొహాన పడుతుంది. మొదట అడ్డంగా ఒకసారి, తర్వాత ముక్కు నుంచి తోక వైపు నిలువుగా ఒకసారి, ప్రతి వరుసా ముందు వరుస మీద సగం పడేలా. మెషీన్ బరువు చాలు, మీరు నొక్కొద్దు. రేకు నల్లగా జిడ్డు జిడ్డుగా అవుతుంది, కంగారు పడకండి, అది పని జరుగుతోందని గుర్తు. రుద్దుతూ పోతే ఆ నలుపు పలచబడి కింద నుంచి మెరుపు బయటికొస్తుంది, ఆ కాంపౌండ్‌లో రాపిడి కణాలు పని చేస్తున్న కొద్దీ చిన్నవవుతాయి కాబట్టి చివరి చుట్లు వాటంతటవే నున్నగా పడతాయి. సగంలో ఆపేసి తుడిచేస్తే ఆ లాభం పోతుంది.

మధ్య మధ్యలో చేయి ఆనించి చూడండి. చేయి పెట్టలేనంత వేడెక్కితే ఆపాలి. పలుచటి రేకు వేడికి వ్యాకోచించి అలలుగా లేస్తుంది, ఒక్కోసారి తిరిగి సరిగా కూర్చోదు. ఎండలో నిలబెట్టిన విమానం మీద అసలు మొదలే పెట్టొద్దు, కాంపౌండ్ నిమిషాల్లో ఎండి రేకుకి పట్టేస్తుంది. ప్యానెల్ అంచు వచ్చినప్పుడు ప్యాడ్ అంచు మీద నుంచి బయటికి తిరిగేలా పట్టుకోండి, లోపలికి తిరిగితే అంచుని పట్టుకుని లాగుతుంది, మెషీన్ చేతిలోంచి ఎగురుతుంది, అన్నిటికన్నా ముందు పొర పోయేది కూడా ఆ అంచు దగ్గరే.

రోటరీ వదిలిన గుండ్రటి చారలు పోగొట్టడానికి సైక్లో అనే మెషీన్ ఉంటుంది, రెండు తలలు చిన్న చిన్న సున్నాలు చుడుతూ తిరుగుతాయి. దాని తలలకి మెత్తటి కాటన్ గుడ్డ చుట్టి, పాత స్వెట్‌షర్ట్ లోపలి నూగు వైపు అయితే శ్రేష్ఠం, నున్నటి కాంపౌండ్‌తో నెమ్మదిగా నడపాలి. ఆ గుడ్డలో కుట్టు, గుండీ, జిప్పు ముక్క, ఏదీ ఉండకూడదు. గుడ్డ నల్లబడగానే మార్చేయండి, గుడ్డల దగ్గర పిసినారితనం వద్దు. ప్యాడ్లు కూడా ఒక్కో కాంపౌండ్‌కి వేరుగా ఉంచి వెనక రంగు టేపు అంటించండి. ఎఫ్7 తగిలిన ప్యాడ్‌తో ఎస్ దశ చేస్తే పొద్దుటి నుంచి చేసినదంతా మళ్ళీ చేయాలి. నేల మీద పడిన ప్యాడ్‌ని దులిపి వాడేద్దాం అనుకోవద్దు, దానికి అంటుకున్న ఒక్క ఇసుక రేణువు చాలు.

ఒక ప్యానెల్ మొదలుపెట్టినవాళ్ళే ఆ ప్యానెల్ అతుకు వరకు పూర్తి చేయాలి. మనిషికో చేతివాటం ఉంటుంది, మధ్యలో చేయి మారితే ఎండలో ఆ గీత ఎంత దూరానికైనా కనిపిస్తుంది. పక్కపక్క ప్యానెళ్ళ ఛాయ మాత్రం కలవకపోవచ్చు, రేకులు వేర్వేరు దఫాల్లో వచ్చినవి, రోల్ చేసిన దిశ వేరు. దాన్ని సమం చేయాలని ఒకదాన్నే అరగదీస్తూ కూర్చోకండి.

టైమ్ గురించి ముందే ఒక అంచనా ఉంటే మంచిది, లేకపోతే రెండో వారానికే నీరసం వస్తుంది. బీ-29 రెక్క వైశాల్యం సుమారు 1,736 చదరపు అడుగులు. పైనా కిందా కలిపితే దాదాపు 3,500. నాలుగు చదరపు అడుగుల గడి చొప్పున 870 గడులు, గడికి పావుగంట వేసుకున్నా ఒక్క దశకే ఒక్క మెషీన్ మీద 217 గంటలు. ఇది రెక్కలు మాత్రమే, వంద అడుగుల పొడవున్న బాడీ, తోక, నాలుగు ఇంజన్ల కవర్లు దీనికి అదనం. అందుకే గోడ మీద విమానం బొమ్మ పెద్దది అంటించి, ప్యానెల్ పూర్తయిన కొద్దీ ఏ కాంపౌండ్, ఏ తేదీ, ఎవరు అని రాస్తూ రంగు వేయండి. వచ్చే ఏడాది వచ్చేవాళ్ళకి ఏ ప్యానెల్ ఇప్పటికే ఎన్నిసార్లు గరుకు కాంపౌండ్ తిన్నదో తెలియాలంటే అదొక్కటే దారి.

రివెట్లూ అతుకులూ

బీ-29 బాడీ మీద రివెట్లు చాలావరకు రేకుతో సమానంగా కూర్చుని ఉంటాయి, గాలి రాపిడి తగ్గడానికి అలా చేశారు, మనకీ అది వరమే. అదే మన వైమానిక దళం కూడా నడిపిన డకోటా రవాణా విమానం లాంటిదైతే గుండ్రటి తలలు వేల సంఖ్యలో పైకి లేచి ఉంటాయి, ప్రతి దాని చుట్టూ నల్లటి వలయం మిగిలిపోతుంది. దానికి మెషీన్ పనికిరాదు. చెక్క పుల్ల కొసకి గుడ్డ చుట్టి, మినరల్ స్పిరిట్స్‌లో ముంచి, ఒక్కోదాని చుట్టూ తిప్పాలి. విసుగు పుట్టించే పని, పాత తెలుగు పాటలు పెట్టుకుని చేయండి. చివరగా మిగిలే సన్నటి జిడ్డు పొరకి కార్న్‌ఫ్లోర్ చల్లి మెత్తటి గుడ్డతో తుడిస్తే జిడ్డుని అది పీల్చుకుంటుంది, కానీ పిండి అతుకుల్లోకి పోకుండా చూసుకోవాలి, తేమ తగిలితే అక్కడే ముద్ద కట్టి తుప్పుకి చోటిస్తుంది. అతుకుల్లో ఇరుక్కున్న కాంపౌండ్ కూడా అదే పని చేస్తుంది కాబట్టి మెత్తటి బ్రష్‌తో తీసేయండి. అడుగున నీళ్ళు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి, అవి పూడిపోలేదని ఒక్కోటి చూడండి.

స్టీల్ ఊల్, ఇనుప బ్రష్, ఇంట్లో గిన్నెలు తోమే స్క్రబ్బర్ హాంగర్ లోపలికే రాకూడదు. వాటి నుంచి విరిగే ఇనుప నలుసులు మెత్తటి అల్యూమినియంలో గుచ్చుకుని, తేమ తగలగానే అక్కడ తుప్పు మొదలుపెడతాయి. అలాగే ఇత్తడి బిందెలకి పనిచేసింది కదా అని చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి లాంటి ఉపాయాలు ఇక్కడ చెప్పకండి. నవ్వుతారని కాదు, ఆ పులుపు రివెట్ల సందుల్లోకి దిగితే కడిగి బయటికి తీయడం ఎవరి వల్లా కాదు.

తర్వాత

పారదర్శకమైన వార్నిష్ కొట్టేస్తే ఏళ్ళ తరబడి మెరుపు నిలుస్తుందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కొన్నాళ్ళు నిలుస్తుంది, తర్వాత ఎక్కడో చిన్న గీత పడి, దాని కింద తుప్పు దారాల్లా పాకుతుంది, అప్పుడు మొత్తం వార్నిష్ గీకి తీయాలి. ఎగిరే విమానానికి నేను ఒప్పుకునేది రోజువారీ తుడుపే: దిగిన వెంటనే ఆయిల్ తుడవడం, వాన పడితే ఆరబెట్టడం, చేతి ముద్రలు కనిపించగానే మైక్రోఫైబర్‌తో తీసేయడం. చూడ్డానికి వచ్చినవాళ్ళు రేకు తాకకుండా ఆపలేరు, పిల్లలైతే మరీను, కాబట్టి ఆ గుడ్డ ఎప్పుడూ జేబులో ఉండాలి.

మన దగ్గర ఇలాంటి పని ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్ళకి వెంటనే గుర్తొచ్చేది విశాఖ ఆర్కే బీచ్‌లో 2017లో తెరిచిన మ్యూజియంలోని టీయూ-142 అనే నౌకాదళ విమానం. రెక్కల వెడల్పులో అది బీ-29 కన్నా పెద్దది, 50 మీటర్లు. తమాషా ఏమిటంటే, 1944లో సోవియట్ నేల మీద దిగిన బీ-29లని విప్పి చూసి రష్యన్లు టీయూ-4 బాంబర్ చేశారు, ఆ వరసలోనే టీయూ-95, దాని నుంచి నౌకాదళం కోసం టీయూ-142 వచ్చాయి. బంధుత్వం ఉన్నా దానికి పాలిష్ మాటే లేదు, ఒళ్ళంతా రంగు. పైన చెప్పినవాటిలో దానికి వర్తించేవి కడగడం, చూడటం, నీళ్ళు కారే రంధ్రాలు తెరిచి ఉంచడం. సముద్రం అంత దగ్గరలో ఉన్నప్పుడు ఉప్పుని తరచూ మంచినీళ్ళతో కడగడమే ఏ కాంపౌండ్ కన్నా ముఖ్యం.

ఇక రోజు పని అయ్యాక చేయాల్సినవి. మినరల్ స్పిరిట్స్ తడిసిన గుడ్డలు మూత ఉన్న ఇనుప డబ్బాలోనే వేయాలి, మూలన కుప్పగా వదిలేస్తే అంటుకునే ప్రమాదం ఉంది. ప్యాడ్లు బ్రష్‌తో దులిపి రంగుల వారీగా సంచుల్లో పెట్టండి, టేపు లెక్క సరిచూసి కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టండి, గోడ మీద బొమ్మలో మీ ప్యానెల్ నింపండి. ఇంటికెళ్ళాక ఆ నల్లబడిన చొక్కాని మిగతా బట్టలతో కలిపి వాషింగ్ మెషీన్‌లో వేయకండి, ఆ నలుపు తెల్ల బట్టలకి ఎక్కిందంటే వదలదు. ఈ పని కోసమే ఒక జత పాత బట్టలు కేటాయించుకుని, వాటిని విడిగా బకెట్లో ఉతుక్కోండి.